కోచ్కోర్ దాకా సీటు, సోన్‌కుల్ దాకా నడక

కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో కారు మాట్లాడుకుంటే సోన్‌కుల్ సరస్సుకు ఒక్క రోజులో చేరిపోవచ్చు. నేను బిష్కెక్‌లో బయల్దేరిన ఆరో రోజుకు గానీ ఆ సరస్సు నా కంటపడలేదు. కిర్గిజ్‌స్తాన్‌లో నేను గడిపిన రెండు వారాల్లో బాగా గుర్తుండిపోయినవన్నీ ఆ ఆరు రోజుల్లో జరిగినవే. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తాను.

మొదట నేనూ ఇసిక్-కుల్ వెళ్దామనే అనుకున్నాను. కిర్గిజ్‌స్తాన్ అని వెతికితే ముందొచ్చే పేరు అదే. పొడవు 180 కిలోమీటర్లు, చుట్టూ మంచుకొండలు. అంత ఎత్తులో ఉన్నా చలికాలంలో గడ్డకట్టదు. దాని ఉత్తరపు ఒడ్డున చోల్పోన్-అతా చుట్టుపక్కల రిసార్టులు వరసగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో అక్కడ జనం కిటకిటలాడతారు, గదుల రేట్లూ పెరుగుతాయి. నా దగ్గరున్న డబ్బుకు అక్కడ నాలుగు రోజులు కూడా గడవదు.

అప్పుడు వెతికే పద్ధతి మార్చాను. 'చూడదగ్గ ప్రదేశాలు' అనే జాబితాలన్నీ మూసేసి మ్యాప్ ఒక్కటే పెట్టుకుని కూర్చున్నాను. తారు రోడ్డు ఎక్కడ ఆగుతోంది, ఆ ఊరిదాకా జనం రోజూ ఎక్కే బండి ఏది, అక్కడి నుంచి ఒక్క రోజు నడకలో పడుకోవడానికి చోటుందా? ఈ మూడు ప్రశ్నలే వేసుకున్నాను. కొత్త చోటికి వెళ్లాలంటే ఇప్పటికీ ఇలాగే మొదలుపెడతాను. నారిన్ వైపు వెళ్లే రోడ్డు మీద కోచ్కోర్ అనే చిన్న పట్నం, అక్కడి నుంచి పడమరకు చాయెక్ వెళ్లే దారిలో కిజార్ట్ అనే ఊరు కనిపించాయి. కిజార్ట్ నుంచి దక్షిణంగా కొండల మీదుగా సన్నటి గీతలున్నాయి. అవి కాలిబాటలు. ఆ గీతల చివర సోన్‌కుల్ ఉంది.

సోన్‌కుల్ 3,016 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇసిక్-కుల్ తర్వాత ఆ దేశంలో పెద్ద సరస్సు ఇదే. ఒడ్డున ఊరు లేదు, చెట్టు లేదు. జూన్‌లో గొర్రెలు, గుర్రాలు తోలుకుని కాపరులు పైకొస్తారు, యుర్ట్‌లనే గుండ్రటి గుడారాలు వేసుకుని సెప్టెంబరు దాకా ఉంటారు. ఆ తర్వాత అక్కడ దాదాపు ఎవరూ ఉండరు. నేను సెప్టెంబరు మొదటి వారం ఎంచుకున్నాను. వేసవి రద్దీ తగ్గుతుంది, కాపరులు ఇంకా దిగిపోయి ఉండరు. రాత్రిళ్లు గడ్డకట్టే చలి ఉంటుందని తెలిసే వెళ్లాను.

ఖర్చు లెక్క రాసుకునేటప్పుడు డబ్బుతోపాటు రోజులనూ లెక్కేసుకున్నాను. చేతిలో ఉన్నవి 14 రోజులు. అందులో తొమ్మిదింటికే ప్లాన్ వేసి ఐదు ఖాళీగా వదిలేశాను. అంత దూరం వెళ్లి ఐదు రోజులు ఊరికే వదిలేయడం ఏమిటని ఇంట్లోవాళ్లు అడిగారు. డబ్బు తక్కువ పెట్టుకుని వెళ్లేవాళ్లకు చేతిలో రోజులు ఉండి తీరాలి. రోజులు లేకపోతే బండి నిండేదాకా ఆగలేం, కారు మొత్తానికి డబ్బు కట్టాలి. వాన తగ్గేదాకా ఆగలేం, డబ్బు పోసో ప్రాణం మీదికి తెచ్చుకునో ముందుకెళ్లాలి.

వీసా పని ఆన్‌లైన్‌లోనే అయిపోయింది. కజకిస్తాన్ 2022 జులై నుంచి భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లను 14 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది. అందుకని చవగ్గా దొరికిన టికెట్‌తో అల్మాటీలో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీద బిష్కెక్ వెళ్లాను. కిర్గిజ్‌స్తాన్‌కు ఈ-వీసా తీసుకున్నాను. ఆ ఈ-వీసా ఏ సరిహద్దు పోస్టుల్లో చెల్లుతుందో చూసుకున్నాకే టికెట్ కొనాలి. ఈ ఒక్క విషయంలో తొందరపడొద్దు.

అల్మాటీలో సైరాన్ బస్‌స్టేషన్ నుంచి బిష్కెక్‌కు మార్ష్రుట్కాలు వెళ్తాయి. మార్ష్రుట్కా అంటే పదిహేను, పదహారు సీట్ల వ్యాన్. ఆ దేశాల్లో మామూలు జనం ఎక్కువగా ఎక్కేది అదే. టైం ప్రకారం కాకుండా నిండాకే కదులుతుంది. రెండు వందల కిలోమీటర్లు దాటాక చూ నది దగ్గర సరిహద్దు వస్తుంది. అక్కడ అందరూ దిగి, సామాను మోసుకుని, రెండు చోట్ల పాస్‌పోర్టు చూపించి, వంతెన నడిచి దాటాలి. వ్యాన్ విడిగా దాటి అవతల ఆగుతుంది. దిగే ముందే నంబర్ ప్లేటు ఫొటో తీసుకున్నాను. అవతలి గట్టున అచ్చం అలాంటి తెల్ల వ్యాన్లు ఇరవై దాకా ఉన్నాయి, ఆ ఫొటో లేకపోతే మాది దొరికేది కాదు. ఇంకో విషయం, 2024 మార్చిలో కజకిస్తాన్ దేశమంతా ఒకే టైం పెట్టుకుంది. దాంతో ఆ వంతెన దాటగానే గడియారం గంట ముందుకు తిప్పుకోవాలి. సాయంత్రం చేరేవాళ్లు ఈ గంటను లెక్కలో పెట్టుకోవాలి.

వెళ్లే ముందు రెండు సాయంత్రాలు కూర్చుని అక్కడి బోర్డుల మీద ఉండే కిరిలిక్ అక్షరాలు నేర్చుకున్నాను. అంత తక్కువ శ్రమతో అంత ఎక్కువగా పనికొచ్చింది మరొకటి లేదు. ఇంగ్లిష్ 'పి' లాగా కనిపించేది 'ర', 'హెచ్' లాగా ఉండేది 'న', 'సి' లాంటిది 'స'. బిష్కెక్ బస్‌స్టేషన్‌లో లోపలికి అడుగు పెట్టగానే ఒక డ్రైవర్ వచ్చి, ఈరోజు కోచ్కోర్‌కు వ్యాన్ లేదు, కారు ఒక్కటే దారి అన్నాడు. ఫోన్‌లో 5,000 అని నొక్కి చూపించాడు. అక్షరాలు రాకపోతే నమ్మేదాన్నే. తల అడ్డంగా ఊపి, వరసగా నిలబడ్డ వ్యాన్ల అద్దాల మీది బోర్డులు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ నడిచాను. కోచ్కోర్ అన్న బోర్డు ఎక్కడా లేదు. 'నారిన్' అని ఒకటి కనిపించింది. నారిన్ వెళ్లే దారిలోనే కోచ్కోర్ తగులుతుందని మ్యాప్‌లో చూసి ఉన్నాను కదా, వెళ్లి 'కోచ్కోర్?' అని అడిగాను. డ్రైవర్ సీటు చూపించాడు. 400 సోమ్. నేను వెళ్లినప్పుడు డాలరుకు 87 సోమ్‌ల దాకా వచ్చాయి.

అది నిండటానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో పక్క సీటావిడ నా ఒళ్లో పిల్లాణ్ని కూర్చోబెట్టి రొట్టెలు కొనుక్కురావడానికి వెళ్లింది. తిరిగొచ్చి ఒక రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. బూమ్ లోయలో నది పక్కనే బండి వెళ్తున్నంతసేపూ వాడు నా భుజం మీదే నిద్రపోయాడు. లోయ దాటి దక్షిణానికి తిరిగాక ఎడారి లాంటి బోడి కొండల మధ్య ఓర్తో-తొకోయ్ జలాశయం ఒక్కసారిగా నీలంగా కనిపిస్తుంది. దాన్ని దాటితే కోచ్కోర్.

కోచ్కోర్‌లో ఒక రాత్రి చాలనుకునేవాళ్లు రెండు రాత్రులు ఉండాలని నా మాట. బిష్కెక్ 800 మీటర్ల ఎత్తున ఉంటే కోచ్కోర్ 1,800 దగ్గర ఉంటుంది, సరస్సు 3,000 దాటుతుంది. 3,000 మీటర్లు దాటాక ఒక రోజు పడుకున్న చోటుకన్నా మర్నాడు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని పర్వత వైద్యులు చెబుతారు. దాని కిందైనా మెల్లగా ఎక్కితేనే మంచిది. కారులో ఒక్క రోజులో సరస్సుకు చేరినవాళ్లు రాత్రంతా తలనొప్పితో, వాంతులతో కూర్చోవడం తర్వాత నేను కళ్లారా చూశాను. డబ్బు మిగల్చడానికని ఎంచుకున్న నెమ్మది ప్రయాణం శరీరానికి కూడా సరిగ్గా అవసరమైనదే అయింది.

కోచ్కోర్‌లో చేయాల్సిన పనులు మూడు. ఏటీఎంలో డబ్బు తీసుకుని చిన్న నోట్లుగా మార్చుకోవాలి, ఎందుకంటే అక్కణ్నుంచి పైన ఇక ఏటీఎంలు లేవు. ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోవాలి. పైన యుర్ట్ పెట్టుకున్న కుటుంబానికి, వస్తున్నామని కబురు చేయించాలి. ఈ మూడోది గెస్ట్‌హౌస్ ఆవిడే ఫోన్ చేసి చూసుకుంది. కుటుంబాలు తమ ఇంట్లో, యుర్ట్‌లో బస ఇచ్చే సంఘాలు ఈ ప్రాంతంలో 2000 సంవత్సరం నుంచీ నడుస్తున్నాయి. రేట్లు ముందే చెబుతారు, బేరం ఉండదు. యుర్ట్‌లో రాత్రి బస, భోజనం, పొద్దున టిఫిన్ కలిపి నేను 1,800 సోమ్ కట్టాను.

ఖాళీగా ఉన్న రెండో రోజు మధ్యాహ్నం ఆవిడ వరండాలో కూర్చున్నాను. ఆవిడ షిర్దాక్ అనే తివాచీ కుడుతోంది. గొర్రె ఉన్నిని తడిపి, తొక్కి, చుట్టి గట్టిపరిచిన నమదాలతో దాన్ని చేస్తారు. ఎర్రటి నమదా ఒకటి, నల్లటిది ఒకటి ఒకదానిమీద ఒకటి పరిచి, సుద్దతో కొమ్ముల ఆకారం గీసి, రెండింటినీ కలిపి ఒక్కసారే కత్తితో కోసింది. తర్వాత నల్లదాని ఖాళీలో ఎర్ర కొమ్మును, ఎర్రదాని ఖాళీలో నల్ల కొమ్మును అమర్చింది. ఒక్క కోతలో రెండు తివాచీలకు సరిపడా ముగ్గు. కత్తిరించిన ముక్క ఒక్కటీ వృథా కాలేదు. అతుకుల మీద ఉన్ని తాడు కుట్టి మూసేస్తుంది, అందుకే అవి దశాబ్దాలు మన్నుతాయి. యునెస్కో 2012లో ఈ కళను వెంటనే కాపాడుకోవాల్సిన వాటి జాబితాలో చేర్చింది. నేను సూది పట్టుకుని చూశాను. ఆ మందంలోంచి ఒక్క కుట్టు దింపడానికి అరచేతి బలమంతా పెట్టాల్సి వచ్చింది. ఆవిడ వేళ్ల చివర్లు ఎందుకు అంత గరుకుగా ఉన్నాయో అప్పుడు తెలిసింది.

మర్నాడు చాయెక్ వెళ్లే షేర్ ట్యాక్సీలో నాలుగో సీటు నాది. కిజార్ట్‌లో దిగి నడక మొదలుపెట్టాను. గుర్రం మాట్లాడుకోమని అందరూ చెబుతారు. డబ్బుంటే అది మంచి మాటే, ఆ ఊళ్లవాళ్లకు అదే ఆదాయం. నేను నడిచాను. బాట చాలాచోట్ల ఒక్కటి కాదు, గొర్రెల అడుగులతో పది బాటలుంటాయి. మ్యాప్‌లో చూసుకుంటూ దిక్కు తప్పకుండా వెళ్తే చాలు. నిజంగా జాగ్రత్తపడాల్సింది కుక్కల దగ్గర. మంద కనిపిస్తే దూరంగా చుట్టు తిరిగి వెళ్లాలి. దగ్గరికొస్తే పరిగెత్తకూడదు, ఆగి, వంగి రాయి తీసుకున్నట్టు చేస్తే వెనక్కి తగ్గుతాయి. రెండుసార్లు అలా చేయాల్సి వచ్చింది, రెండుసార్లూ గుండె గొంతులోకొచ్చింది. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా పైన పశువులు మేస్తుంటాయి కాబట్టి ఫిల్టర్ చేయకుండా తాగలేదు.

ఒక చిన్న కనుమ దాటి సాయంత్రానికి కిలెమ్చే మేత మైదానంలో దిగాను. నాకోసం కబురందిన యుర్ట్ బయట ఒకావిడ నిలబడి ఉంది. వయసు యాభై దాటి ఉంటుంది. గెస్ట్‌హౌస్‌లో నేర్పినట్టే 'ఎజె' అని పిలిచాను. ఎజె అంటే అక్క, పెద్ద వయసు ఆడవాళ్లను అక్కడ అలాగే పిలుస్తారు. ఆవిడ నన్ను 'బాలమ్' అంది. అంటే నా బిడ్డ.

మర్నాడు పొద్దున్నే కనుమ వైపు బయల్దేరాను. జల్‌గిజ్-కరగాయ్ కనుమ ఎత్తు దాదాపు 3,400 మీటర్లు. సగం దూరం ఎక్కానో లేదో, పడమటి నుంచి మబ్బు కొండ అంచు మీదికి పాకడం మొదలైంది. ఇంకో గంటలో ఎక్కేస్తాననిపించింది. ఆగిపోయి ఓ నిమిషం ఆలోచించాను. చేతిలో ఐదు రోజులు ఖాళీగా ఉన్నాయి. వెనక్కి తిరిగాను. యుర్ట్ ఇంకా అర కిలోమీటరు ఉందనగా వడగళ్లు మొదలయ్యాయి. ఉరుము కొండలకు తగిలి మూడువైపుల నుంచీ వినిపించింది. ఆ టైంకు కనుమ మీద, చెట్టూ పుట్టా లేని చోట, నేనొక్కదాన్ని ఉండేదాన్ని.

నేను కనిపించగానే ఎజె ఏమీ అడగలేదు. ముందు పైకప్పు సంగతి చూసింది. యుర్ట్ నడినెత్తిన గుండ్రటి చక్రం ఉంటుంది, దాన్ని తుందుక్ అంటారు. కిర్గిజ్ జెండా మీద సూర్యుడి మధ్యలో ఉండే గుర్తు అదే. వెలుతురు, గాలి, పొగ అన్నింటికీ అదొక్కటే కిటికీ. దాని మీద కప్పే నమదాకు తాళ్లుంటాయి. ఆవిడ వడగళ్లలోనే బయట చుట్టూ తిరుగుతూ ఒక తాడు లాగి, ఇంకోటి వదిలి, కప్పును సరిగ్గా చక్రం మీదికి తెచ్చి, తాడును కింద రాయికి చుట్టింది. లోపల చీకటి కమ్మింది. పిడకల పొయ్యి ముట్టించి నా తడి మేజోళ్లు తనే తీసి గొట్టం పక్కన ఆరేసింది. టీ పోసింది. గిన్నెలో సగం కన్నా తక్కువే. తాగేశాక మళ్లీ సగం కన్నా తక్కువ. అతిథికి నిండా పోస్తే 'తాగి వెళ్లు' అన్నట్టట. కొంచెం కొంచెం పోస్తే మళ్లీ మళ్లీ పోస్తాం, ఉండమని అర్థం. సెలవులకు వచ్చి, మర్నాడు బడికి దిగిపోవాల్సిన ఆవిడ మనవరాలు వచ్చీరాని ఇంగ్లిష్‌లో నాకిది చెప్పింది. ఆ సాయంత్రం పదకొండు గిన్నెలు తాగాను.

తర్వాతి రోజంతా వాన. నేను ఎక్కడికీ వెళ్లలేదు. నూనెలో వేయించే బోర్సోక్‌లకు పిండి కోస్తుంటే సాయం చేశాను, సాయంత్రం గుర్రాల పాలు పితికేటప్పుడు గుర్రప్పిల్లను పట్టుకున్నాను. పులియబెట్టిన ఆ పాలను కిమిజ్ అంటారు, పుల్లగా, పొగ వాసనతో ఉంటుంది. మొదటి గుక్క మింగడం కష్టమైంది, మూడో గిన్నెకు ఇష్టమైంది. నా ప్లాన్‌లో ఆ రోజు లేనే లేదు. ఐదు ఖాళీ రోజుల్లో అదొకటి.

నడక మొదలుపెట్టిన నాలుగో పొద్దున ఆకాశం కడిగినట్టుంది. మూడు గంటల్లో కనుమ ఎక్కాను. పైన ముందు గాలి తగిలింది, తర్వాత కింద నీళ్లు కనిపించాయి. 29 కిలోమీటర్ల పొడవు సరస్సు, ఒడ్డున అక్కడక్కడ తెల్లటి చుక్కలు. అవి యుర్ట్‌లని అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. దిగడానికి రెండు గంటలు పట్టింది. రెండు రాత్రులు అక్కడ ఉన్నాను. ఫోన్ సిగ్నల్ లేదు, సోలార్ పలక మీద ఒక్క బల్బు. పొద్దున బక్కెట్టు నీళ్ల మీద మంచు పెంకు కట్టి ఉండేది.

తిరిగొచ్చేటప్పుడు బండి దొరకడం గురించే టెన్షన్ పడ్డాను, ఎందుకంటే సరస్సు దాకా వ్యాన్లు రావు. ఎవర్నో దింపి ఖాళీగా వెనక్కి వెళ్తున్న కారు దొరికేదాకా ఒక పూట ఆగాను. అక్కడ దారిలో బండి ఎక్కించుకుంటే సీటుకు డబ్బివ్వడం మర్యాద. ఎంత ఇవ్వాలో యుర్ట్‌వాళ్లనే అడిగి, ఎక్కే ముందే మాట్లాడుకున్నాను. కల్మక్-అషూ కనుమ మీదుగా కోచ్కోర్ చేరాం.

ఎక్కే ముందు ఆ పూటంతా పక్క కుటుంబం తమ యుర్ట్ విప్పడం చూస్తూ కూర్చున్నాను. బడులు తెరిచారు, వాళ్లు దిగిపోతున్నారు. ముందు నమదాలు దించారు. తర్వాత వంపు తిరిగిన ఎర్ర కర్రలు ఒక్కొక్కటే చక్రంలోంచి ఊడదీశారు. ఇద్దరు మగవాళ్లు కింద నిలబడి తుందుక్‌ను చేతుల్లోకి తీసుకుని, నేలకు తగలనివ్వకుండా నేరుగా లారీలో పెట్టారు. అల్లిక గోడ మడిచేస్తే చంకలో పట్టేంత అయింది. గంటన్నరలో ఇల్లంతా లారీ ఎక్కేసింది. అక్కడ మిగిలింది గుండ్రటి పచ్చిక ఒక్కటే, మూడు నెలలు ఎండ తగలక పసుపుపచ్చగా పాలిపోయి ఉంది. చిన్నపిల్ల ఒకతి దాని మధ్యలోకి పరిగెత్తి, పొయ్యి ఉండే చోట నిలబడి, వాళ్లమ్మ పిలిచేదాకా అక్కడే ఉంది.